మెట్ల లైట్ల డైరీ: 1050 వాట్ల నుంచి 335 దాకా

మాది విశాఖపట్నం లాసన్స్‌బే కాలనీలో ఒక అపార్ట్‌మెంట్. కింద పార్కింగు, పైన ఐదు అంతస్తులు, 20 ఫ్లాట్లు. సముద్రం అర కిలోమీటరు కూడా ఉండదు. మార్చి నుంచి నవంబరు దాకా కామన్ లైట్లన్నీ ఎల్‌ఈడీకి మార్చాం. ఎక్కడ డబ్బు దండగైందో, ఎందుకైందో, కొలతలతో సహా రాసి పెడుతున్నాను. మీ అసోసియేషన్‌లో ఎవరైనా ఇదే పని తలపెడితే మేము కొన్నవన్నీ మళ్ళీ కొనక్కర్లేదు.

దశ 0: లెక్క (మార్చి మొదటి వారం)

ముందు నోట్‌బుక్కు పట్టుకుని అన్ని లైట్లూ తిరిగి చూశాను.

పార్కింగులో 36 వాట్ల ట్యూబులు 8, పాత రాగి చోకులతో. వరండాల్లో 15 వాట్ల సీఎఫ్‌ఎల్‌లు 10, అన్నీ మూసి ఉన్న పాల గ్లాసు డోముల్లో. మెట్ల మలుపుల్లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బులు 6. గేటు, ప్రహరీ మీద 18 వాట్ల సీఎఫ్‌ఎల్‌లు 4. డాబా మీద 70 వాట్ల సోడియం లైటు ఒకటి.

వాటి మీద రాసి ఉన్న వాట్లు కూడితే 940. మీటరు మాత్రం వేరే మాట చెప్పింది. మీటరుతో కొలిచే పద్ధతి ఇది:

1. లిఫ్టు, మోటారు, సీసీ కెమెరాల ఎంసీబీలు (బోర్డులో ఒక్కో లైనుకు ఉండే రక్షణ స్విచ్‌లు) ఆపాలి. లిఫ్టులో ఎవరూ లేరని చూసుకోవాలి.
2. లైట్లన్నీ వేసి పది నిమిషాలు ఆగాలి. సోడియం, సీఎఫ్‌ఎల్ వేడెక్కితేగాని అసలు వాడకం చూపించవు.
3. మీటరు మీద ఎర్రగా కొట్టుకునే చుక్కను ఐదు నిమిషాలు లెక్కపెట్టాలి.
4. మా మీటరు యూనిట్‌కి 1200 సార్లు కొట్టుకుంటుంది, ఆ అంకె మీటరు మీదే ఉంటుంది. కాబట్టి వచ్చిన సంఖ్యను 10తో గుణిస్తే వాట్లు. మీ మీటరు మీద 3200 అని ఉంటే 3.75తో గుణించండి.

మాకు 105 వచ్చింది. అంటే 1050 వాట్లు. రాసినదానికంటే 110 ఎక్కువ. ఆ తేడా అంతా చోకుల్లో వేడిగా పోతున్న కరెంటు. ఒక్కో ట్యూబు చోక్‌కి 12 వాట్ల చొప్పున 96, సోడియం చోక్‌కి ఇంకో 12.

రోజుకు 12 గంటలు, నెలకు 378 యూనిట్లు. మా కామన్ బిల్లులో అన్ని చార్జీలూ కలిపి యూనిట్ సగటున 8 రూపాయలు పడుతోంది. అంటే లైట్లకే నెలకు 3,024 రూపాయలు.

దశ 1: మెట్లు, వరండాలు (మార్చి నుంచి మే)

డాబాగార్డెన్స్‌లో 55 రూపాయల చొప్పున 9 వాట్ల బల్బులు 16 తెచ్చాను. పేరున్న కంపెనీవి కావు. పెట్టె మీద ఎల్‌ఈడీ బల్బుల భారతీయ ప్రమాణం ఐఎస్ 16102 ముద్ర ఉందో లేదో కూడా చూడలేదు.

ఖర్చు: 880. మీటరు: 68, అంటే 680 వాట్లు.

మొదటి ఇబ్బంది మూడో రాత్రే వచ్చింది. వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు. పొద్దున్నే పిలిచి చెప్పాడు: "సార్, స్విచ్చి ఆపేసినా మెట్ల కాడ లైటు మినుకుతానే ఉంది. రేత్రి పిల్లలు సూసి బయపడతన్నారు."

స్విచ్ ఆపాక కూడా చేరే చిన్న కరెంటుకు ఫిలమెంట్ బల్బు వెలగదు. ఎల్‌ఈడీకి ఆ కాస్త చాలు. అలా మినుకుతోందంటే కారణం రెండింట్లో ఒకటి. ఒకటి, మెట్ల టూవే స్విచ్‌ల మధ్య పొడవుగా పక్కపక్కనే పోయే తీగల్లో పుట్టే పిసరంత కరెంటు. దాంతో ప్రమాదం లేదు. రెండోది ప్రమాదకరం: స్విచ్ ఫేజ్‌ని (కరెంటు తెచ్చే తీగను) కాకుండా న్యూట్రల్‌ని (తిరిగి పోయే తీగను) తెంపుతుండటం. స్విచ్ ఆపి హోల్డర్‌లో టెస్టర్ పెడితే రెండు మలుపుల్లో టెస్టర్ వెలిగింది. అంటే ఇన్నేళ్ళూ స్విచ్ ఆపేశాం కదా అని ఫేజ్ ఉన్న హోల్డర్లోనే చేతులు పెట్టి బల్బులు మార్చాం. ఎలక్ట్రీషియన్ బోర్డు దగ్గర తీగలు అటూ ఇటూ మార్చాక మినుకుడు ఆగింది. మీ ఇంట్లో ఆపేసిన ఎల్‌ఈడీ మినుకుతుంటే ముందు టెస్టర్ తీయండి.

రెండో ఇబ్బంది నెమ్మదిగా బయటపడింది. ఏడు వారాలు తిరిగేసరికి, మే మొదట్లో, వరండాల్లో పదింటికి నాలుగు పోయాయి. మెట్లలో ఆరింటికి ఆరూ వెలుగుతున్నాయి. ఒకే షాపు, ఒకే పెట్టె, ఒకే రోజు బిగించినవి. తేడా ఒక్కటే. మెట్ల బల్బులు గాలికి వేలాడుతున్నాయి, వరండావి గ్లాసు డోముల్లో ఉన్నాయి.

మూడో అంతస్తు మాస్టారు, "2014లో ప్రభుత్వం టోకున కొన్నప్పుడే ఒక్కో ఎల్‌ఈడీ బల్బు 310 రూపాయలు పడిందయ్యా. నువ్వు 55కి తెచ్చి ఉంటుందనుకుంటే ఎలా?" అన్నారు. 310 నిజమే. కానీ అదే ప్రభుత్వ కొనుగోలు ధర రెండు మూడేళ్ళలోనే 38 రూపాయలకు దిగింది. ఎల్‌ఈడీ బల్బులు చవకగా ఇచ్చేందుకు 2015 జనవరిలో మొదలైన ప్రభుత్వ ఉజాలా పథకంలో తీసుకున్న బల్బు ఒకటి మా అమ్మగారి వంటింట్లో ఇంకా వెలుగుతోంది. అది కూడా గాలికి ఉన్న హోల్డరే. కాబట్టి ధర ఒక్కటే దోషి కాదనిపించి, పోయిన నాలుగింటినీ విప్పి చూశాను.

విప్పేవాళ్ళకు జాగ్రత్త: హోల్డర్ నుంచి తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో చార్జి మిగులుతుంది. చవక బల్బుల్లో లోపలి సర్క్యూట్‌కీ కరెంటు లైనుకీ మధ్య అడ్డు ఉండదు, కాబట్టి తెరిచిన బల్బును హోల్డర్లో పెట్టి అస్సలు ముట్టుకోకూడదు.

పై మూత తీస్తే అల్యూమినియం రేకు మీద పసుపు పచ్చ గళ్ళలా ఎల్‌ఈడీలు కనిపిస్తాయి. ఆ పసుపు ఒక పూత మాత్రమే. దాని కింద చిప్పు నీలంగా వెలుగుతుంది. నీలం కొంత పూతలో పసుపుగా మారి, రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి. ఎర్రగా వెలిగే ఎల్‌ఈడీని నిక్ హోలన్యాక్ 1962లోనే చేసి చూపించారు. నీలం దొరక్క ఇంట్లో వాడే తెల్ల దీపం ముప్పై ఏళ్ళు ఆగిపోయింది. 1990ల మొదట్లో జపాన్‌లో అకసాకి, అమానో ఒకవైపు, నకమురా ఇంకోవైపు గాలియం నైట్రైడ్ మీద పట్టు వదలకుండా పనిచేసి దాన్ని సాధించారు. ఆ ముగ్గురికీ 2014 అక్టోబరు 7న నోబెల్ ప్రకటించారు. సరిగ్గా ఐదు రోజులకు, 12న, హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద పడింది. విరిగిన స్తంభాలు, రోజుల తరబడి చీకటి ఎవరికి గుర్తుండవు? తర్వాత వీధుల్లో 90 వేలకు పైగా ఎల్‌ఈడీ దీపాలు వెలిగాయి. బీచ్ రోడ్డు పసుపు వెలుగు పోయి తెల్లబడింది అప్పుడే. ఆ నోబెల్, ఆ తుఫాను ఒకే వారంలోవని ఈ పని చేస్తుంటేనే గమనించాను.

నాలుగు బల్బుల్లో కనిపించింది ఇది:

1. రెండింట్లో ఒక్కో చిప్పు మీద నల్ల చుక్క. చిప్పులన్నీ ఒకే దండలో గుచ్చినట్టు వరసగా ఉంటాయి, ఒకటి మాడితే దండంతా ఆరిపోతుంది.
2. ఒకదాంట్లో చిప్పులన్నీ బాగానే ఉన్నాయి. మెడలోని డ్రైవర్ బోర్డు (ఎల్‌ఈడీలకు తగినట్టు కరెంటును మార్చే సర్క్యూట్) మీద కెపాసిటర్ తల ఉబ్బింది.
3. ఒకదాంట్లో రేకుకు, బల్బు ఒంటికి మధ్య వేడిని దాటించే తెల్ల పేస్టు దాదాపు లేదు. రేకు వదులుగా ఊగుతోంది.

మాడిన చిప్పుల మీదుగా చిన్న తీగ ముక్క టంకం వేసి ఆ రెండు బల్బులూ వెలిగించాను. ఒకటి 11 రోజులు, ఇంకోటి 19 రోజులు వెలిగి మళ్ళీ పోయాయి. ఆ పనికి పట్టే సమయం దండగ, వద్దు.

తర్వాత వేడి కొలిచాను. మల్టీమీటరుతో వచ్చిన, వేడిని కొలిచే థర్మోకపుల్ తీగను బల్బు మెడ ప్లాస్టిక్‌కి టేపు వేసి అంటించి, రెండు గంటలు వెలగనిచ్చాను. రాత్రి, వరండాలో గాలి 33 డిగ్రీలు.

గాలికి ఉన్న 9 వాట్ల బల్బు: 62 డిగ్రీలు.
మూసిన డోములో అదే బల్బు: 91 డిగ్రీలు.
మూసిన డోములో 5 వాట్ల బల్బు: 68 డిగ్రీలు.

ఉబ్బిన కెపాసిటర్‌కి జవాబు ఇందులోనే ఉంది. ఈ రకం కెపాసిటర్లకు ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. 62కీ 91కీ తేడా 29. అంటే ఎనిమిదో వంతు. ఆ గ్లాసు డోములు ఫిలమెంట్ బల్బుల రోజుల్లో చేసినవి. ఫిలమెంటు రెండున్నర వేల డిగ్రీల దగ్గర ఎర్రగా కాలుతూనే వెలుగుతుంది, చుట్టూ వేడిగా ఉంటే దానికి లెక్క లేదు. ఎల్‌ఈడీ వేడి వెలుగుతో పాటు ముందుకు పోదు, వెనక్కి మెడలోకి దిగుతుంది. సున్నితమైన డ్రైవర్ ఉన్నది కూడా అక్కడే. పెట్టె మీద రాసి ఉండే 25 వేల గంటలు బల్బుకు చల్లటి గాలి తగులుతున్నప్పటి లెక్కే.

మార్పు: వరండాల్లో 5 వాట్ల బల్బులు 10, ఒక్కోటి 80 రూపాయలు. ఈసారి ఐఎస్ 16102 ముద్ర, స్టార్ లేబుల్, 100 నుంచి 300 వోల్టుల దాకా పనిచేస్తుందన్న మాట, ఈ మూడూ చూసి కొన్నాను. మూడోది అక్టోబరులో మమ్మల్ని కాపాడింది.

5 వాట్ల వెలుగు చాలదని నాలుగో అంతస్తు పిన్నిగారు అడ్డం చెప్పారు. డోములు విప్పి సబ్బునీళ్ళతో కడిగాం. లోపల ఎన్నేళ్ళ పురుగులో. ఫోన్ యాప్‌తో నేల మీద వెలుగు కొలిస్తే, అదే బల్బుకు కడగక ముందు 21, కడిగాక 34. ఫోన్ లెక్క నిజమైన లక్స్ కాదు, ముందూ వెనకా పోల్చడానికే పనికొస్తుంది. అయినా తేడా కళ్ళకే తెలిసింది. పిన్నిగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మొత్తం ఖర్చు: 1,680. మీటరు: 64.

దశ 2: పార్కింగు ట్యూబులు (మే నుంచి జులై)

పాత పట్టీలు (ట్యూబు బిగించే ఫిట్టింగులు) ఉంచేసి, వాటిలో పట్టే ఎల్‌ఈడీ ట్యూబులు పెడితే చవక అనుకున్నాం. పరీక్షకు రెండు తెచ్చాం, 380 రూపాయలు.

ఈ ట్యూబుల్లో రెండు రకాలున్నాయి. ఒక రకానికి ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒకే చివర ఇవ్వాలి. ఇంకో రకానికి ఈ చివర ఫేజ్, ఆ చివర న్యూట్రల్. రెండో రకంలో ఒక్కో చివర ఉన్న రెండు పిన్నులూ లోపల కలిసే ఉంటాయి. మా ఎలక్ట్రీషియన్ చోక్ తీసేసి రెండు తీగలూ ఒకే చివర ఇచ్చాడు. ట్యూబు రెండో రకం. స్విచ్ వేయగానే ఠప్పుమని ఎంసీబీ పడింది, పార్కింగంతా చీకటి. ట్యూబు మీద బొమ్మ ఉంది, ఇద్దరం చూడలేదు.

రెండోది సరిగ్గా బిగించాం. మూడు వారాలు బాగుంది, తర్వాత రెపరెపలు. హోల్డరు విప్పితే ఇత్తడి నాలుకలు చిలుం పట్టి పచ్చగా ఉన్నాయి, ప్లాస్టిక్ గోధుమ రంగులోకి కాలింది. సముద్రపు గాలి ఉప్పు పని. ట్యూబు కొత్తదే, పట్టీకి పదిహేనేళ్ళు. సముద్రం దగ్గర ఉండేవాళ్ళు పాత పట్టీ జోలికి పోవద్దు.

మార్పు: పట్టీతో సహా వచ్చే 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు 8, ఒక్కోటి 240, మొత్తం 1,920. బిగింపు కూలి 1,200.

మొత్తం ఖర్చు: 5,180. మీటరు: 42.

రాత్రి రెండు గంటలకు పార్కింగులో ఎనిమిది లైట్లూ ఎవరి కోసం? నాలుగింటిని సెన్సర్ మీద పెడదామనుకున్నాం. మొదట 450 పెట్టి రాడార్ రకం తెచ్చాను. అది గోడల గుండా కూడా కదలికను పసిగడుతుంది. ప్రహరీ అవతల ఆటో పోయినా, బండి పోయినా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. తీసేసి, ఒంటి వేడిని పసిగట్టే పీఐఆర్ రకం రెండు తెచ్చాను, ఒక్కోటి 400. వీటికీ ఒక లోటుంది. పెట్టె మీద ఆరు మీటర్లు అని ఉంది. మా జులై ఉక్కలో మూడున్నర మీటర్లకు మించి పనిచేయలేదు. మనిషి ఒంటికీ చుట్టూ గాలికీ వేడిలో తేడా తగ్గేకొద్దీ దానికి చూపు ఆనదు. మధ్య స్తంభానికి పెట్టినవాటిని జనం నడిచే దారి దగ్గరికి, నడుము ఎత్తుకి దించాం. తర్వాత వీధికుక్కలకు వెలగడం మొదలైంది. ఛాతీ ఎత్తుకి పెంచి, కింది సగానికి నల్ల టేపు అంటించాక కుదిరింది.

లైట్ల సర్క్యూట్‌కి విడిగా చిన్న సబ్‌మీటరు కూడా పెట్టించాను, 650. సెన్సర్లు వచ్చాక ఐదు నిమిషాల లెక్క సరిపోదు, నెల లెక్క కావాలి.

మొత్తం ఖర్చు: 7,080.

దశ 3: గేటు, డాబా (జులై, ఆగస్టు)

జూన్‌లో తొలకరి పడిన రాత్రి గేటు దీపాల చుట్టూ ఉసిళ్ళు కమ్మేశాయి. పొద్దున వాచ్‌మన్ భార్య చేటెడు రెక్కలు ఊడ్చి పోసింది. అందుకని గేటు దగ్గర రంగు కూడా పరీక్షించాం. ఒక రాత్రి తెల్లని 6500 కెల్విన్ దీపం, పక్కన పసుపు ఛాయ ఉన్న 3000 దీపం (కెల్విన్ అంటే వెలుగు రంగు చెప్పే కొలత). తెల్లదాని కిందే పురుగులు బాగా ఎక్కువ. పసుపు దీపాలే నాలుగూ పెట్టాం.

అవి 10 వాట్ల మూత దీపాలు, నీళ్ళు చొరబడని ఐపీ65 రకం, ఒక్కోటి 350. బిగింపులో మూడు పనులు చేశాం:

1. తీగ కింది నుంచి లోపలికి పోవాలి. పైనుంచి వస్తే వాన తీగ వెంట దిగి లోపలికి చేరుతుంది.
2. లోపలికి వెళ్ళే ముందు తీగను కొంచెం కిందికి వేలాడదీయాలి. నీటి చుక్కలు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.
3. మామూలు ఇనుప స్క్రూలు వద్దు, స్టెయిన్‌లెస్ వాడాలి. మొదటి దీపానికి పెట్టెలో వచ్చినవే వాడాం. ఆరు వారాలకు గోడ మీద తుప్పు మరక కారింది.

డాబా మీద సోడియం తీసేసి 30 వాట్ల ఫ్లడ్ లైటు, 650. రాత్రి పదింటికి ఆరిపోయేట్టు సబ్‌మీటరు పక్కనే స్విచ్ పెట్టి వాచ్‌మన్‌కి అప్పజెప్పాం.

మొత్తం ఖర్చు: 9,130. మీటరు: 33.

దశ 4: న్యూట్రల్ (అక్టోబరు)

వానలు ముసురుపట్టిన వారం. ఒక ఉదయం చూస్తే మెట్లలో మూడు బల్బులు, డాబా ఫ్లడ్ లైటు ఒకే రాత్రి పోయి ఉన్నాయి. పిడుగు అన్నారు కొందరు. వరండాల్లో ఒక్కటీ పోలేదు, బ్యాటెన్లూ బాగున్నాయి. పిడుగైతే ఇలా ఏరుకుని పోవు.

రెండు రోజులు అంతు దొరకలేదు. మూడో రోజు సంపు మోటారు వేసినప్పుడు అది గుర్రుమంటూ మూలగడం విని, పరుగున వెళ్ళి మూడు ఫేజులూ కొలిచాను. మోటారు ఉన్న ఫేజ్‌లో 167 వోల్టులు. రెండోదాంట్లో 275. లైట్లున్న ఫేజ్‌లో 294. మోటారు ఆపగానే మూడూ 240 దరిదాపులకు వచ్చేశాయి. న్యూట్రల్ తెగితే ఇలాగే ఉంటుంది. ఎక్కువ లోడు ఉన్న ఫేజ్‌లో వోల్టేజి కుంగుతుంది, తక్కువ లోడు ఉన్న ఫేజ్‌లో ఎగుస్తుంది. మా కామన్ ప్యానెల్‌లో న్యూట్రల్ తీగలు కలిసే లింకు బోల్టు చిలుం పట్టి, కింద లగ్గు (తీగ చివరి లోహపు తొడుగు) వేళ్ళతో లాగితే ఊడి వచ్చింది. ఫ్లాట్లకు విడి మీటర్లు కాబట్టి ఇళ్ళల్లోకి ఇది పాకలేదు. పాకి ఉంటే ఎన్ని ఫ్రిజ్‌లు, టీవీలు పోయేవో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

294 వోల్టులకు మాడినవి 55 రూపాయల బల్బులు, వాటి పెట్టె మీద 220 నుంచి 240 అని మాత్రమే ఉంది. 100 నుంచి 300 అని రాసినవి ఒక్కటి కూడా పోలేదు. ఫ్లడ్ లైటు కొనేటప్పుడు ఆ అంకె చూడటం మర్చిపోయాను.

మార్పులు:
కొత్త లగ్గు, లింకు, కూలి: 500
మెట్లకు పెద్ద వోల్టేజి పరిధి ఉన్న 9 వాట్ల బల్బులు 6: 600
కొత్త ఫ్లడ్ లైటు, లోపలే సర్జ్ రక్షణ ఉన్నది: 900
లైట్ల లైనుకు ఓవర్ వోల్టేజ్ కటాఫ్: 900

మిగిలిన 55 రూపాయల బల్బుల్ని స్పేరుగా కూడా ఉంచలేదు, ఈ-వేస్ట్‌లో ఇచ్చేశాం.

మొత్తం ఖర్చు: 12,030.

దశ 5: నవంబరు రీడింగు

సబ్‌మీటరు 30 రోజులకు 92 యూనిట్లు చూపించింది. మార్చిలో 378. మిగిలింది 286 యూనిట్లు, దాదాపు 2,290 రూపాయలు. ఖర్చంతా ఐదు నెలల చిల్లరలో తిరిగొస్తుంది. అందులో పనికిరాకుండా పోయినవి: మొదటి 16 బల్బులు, రెండు ట్యూబులు, రాడార్ సెన్సర్, మొదటి ఫ్లడ్ లైటు. కలిపి 2,360. అది ఒక నెల మిగులు కంటే ఎక్కువే.

378కీ 92కీ మధ్య తేడా అంతా బల్బుదే కాదు. అన్నీ వెలిగితే ఇప్పటి లోడు 335 వాట్లు, 12 గంటల చొప్పున నెలకు 120 యూనిట్లు అయ్యేది. మిగతా 28 యూనిట్లు సెన్సర్ల వల్ల, పదింటికి ఆరిపోయే డాబా లైటు వల్ల తగ్గినవి.

ఇప్పుడు ప్రతి బల్బు మెడ మీదా బిగించిన తేదీ మార్కర్‌తో రాస్తున్నాం. ఏ బల్బు ఎన్నాళ్ళు వెలిగిందో వాచ్‌మన్ నోట్‌బుక్కులో ఒక పేజీ ఉంది. న్యూట్రల్ లింకు ప్రతి మూడు నెలలకూ విప్పి, తోమి, మళ్ళీ బిగించాలని అసోసియేషన్ మినిట్స్‌లో రాయించాను. మొదటి తనిఖీ జనవరిలో.

నిన్న సాయంత్రం రెండో అంతస్తు డోము విప్పి మళ్ళీ కొలిచాను. గాలి 27, బల్బు మెడ 61. ఆరు నెలలుగా ఒక్క 5 వాట్ల బల్బు కూడా పోలేదు. పార్కింగులో ఆరో బ్యాటెన్ మాత్రం వేసిన మొదటి నిమిషం సన్నగా రెపరెపలాడుతోంది. రేపు పొద్దున ఫేజ్ ఆపి, ముందు దాని కనెక్టర్లో చిలుం ఉందేమో చూడాలి.